రాజమణిని నడిపించిన మంత్రసాని

ఛత్రినాక, గౌలిపురా గల్లీల్లో ఆ రోజుల్లో ఎల్లమ్మ చేతిమీద ఒక్క బిడ్డైనా పుట్టని ఇల్లు అరుదు. భర్త గుండయ్య షాలిబండ దగ్గర ఒక గోడ నీడన కూర్చుని క్షవరాలు చేసేవాడు. ఎల్లమ్మ తన అత్త వెంట తిరిగి మంత్రసాని పని నేర్చుకుంది. పొడుగాటి మనిషి. గొంతు పెద్దది, మాట కరుకు. నొప్పులు పడుతున్నవాళ్లను కూడా కసిరేది. అయినా నొప్పులు మొదలైతే అందరూ ఆమె కోసమే పరుగెత్తేవాళ్లు.

1931 వానాకాలంలో ఒక మధ్యాహ్నం పాల బుచ్చయ్య తడుస్తూ వచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎల్లమ్మక్కా, జల్ది రా. ఆండాలుకు నొప్పులొచ్చినయి."

"ఏడో నెలే గదరా ఇంకా!" అంటూనే ఎల్లమ్మ కొంగు బిగించింది.

బిడ్డ కాళ్లు ముందుగా వచ్చాయి. తల బయటపడటానికి చాలాసేపు పట్టింది. తీరా చేతిలోకి వచ్చాక చూస్తే నీలంగా, చల్లగా, జానెడు ఉంది. ఏడుపు లేదు. ఎల్లమ్మ నోట్లో వేలు పెట్టి తుడిచింది. వీపు రుద్దింది. నోటిలో నోరు పెట్టి ఊదింది. "ఏమైందక్కా, ఏడుస్తలేదేంది?" అని ఆండాలు అడుగుతూనే ఉంది. ఎల్లమ్మ ఊదుతూనే ఉంది. చివరికి పిల్లికూన అరిచినట్టు సన్నటి ఏడుపు వినిపించింది. అప్పటిదాకా గుమ్మం బయట నిలబడ్డ బుచ్చయ్య వానలోనే కూలబడి ఏడ్చాడు.

చచ్చిన పిల్లను బతికించిందని ఎల్లమ్మకు పేరు వచ్చింది. బుచ్చయ్య పురుడు నాడు చీర పెట్టాడు. పాపకు రాజమణి అని పేరు పెట్టారు.

ఏడాది దాటినా రాజమణి కూర్చోలేదు. రెండేళ్లు వచ్చేసరికి సంగతి అందరికీ తెలిసిపోయింది. చంకలకింద చేతులు వేసి నిలబెడితే రెండు కాళ్లూ కత్తెర మూసినట్టు ఒకదానిమీద ఒకటి పడేవి. మడమలు నేలకు ఆనేవి కావు. మోకాళ్లు విడదీయాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. చేతులకు మాత్రం ఏ లోపమూ లేదు. మాట కాస్త ఆలస్యంగా వచ్చినా వచ్చాక ఆగలేదు. కొట్టంలో ఉన్న ఆరు బర్రెల్లో ఏది కదిలిందో చూడకుండానే చెప్పేది.

బుచ్చయ్య తల్లి మాత్రం నల్లా దగ్గర నలుగురిలో అనేసింది. "కాళ్లు పట్టి గుంజింది ఆ ఎల్లి. నరాలు గప్పుడే మెలిపడ్డయి."

ఆ మాట సాయంత్రానికి ఎల్లమ్మ చెవిన పడింది. గుండయ్య, "ఇంక ఆ ఇంటి దిక్కు పోకు" అన్నాడు. ఎల్లమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆ వానాకాలపు మధ్యాహ్నాన్ని మళ్లీ మళ్లీ తలచుకుంది. బిడ్డ నడుము ఎలా పట్టుకుంది, ఎటు తిప్పింది, ఎంత బలం పెట్టింది. ఎంత తలచుకున్నా ఆమెకే తేలలేదు.

మర్నాడు పొద్దున్నే నువ్వుల నూనె గిన్నెతో బుచ్చయ్య ఇంటికి వెళ్లింది. ముసలామె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మళ్ల ఎందుకొచ్చినవ్?"

"నేను గుంజిన్నో లేదో నాకే తెల్వదు. గుంజితే నేనే సరిజేయాలె. గుంజకపోయినా నాకు చేతనైంది నేను చేస్త. జరుగు," అంది ఎల్లమ్మ.

ఆండాలు లోపలినుంచి బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ రోజు నుంచి ఎల్లమ్మ రాని పొద్దు లేదు. పాలు పితికి బుచ్చయ్య బయల్దేరగానే ఆమె వచ్చేది. గంటసేపు కాళ్లు రుద్ది, లాగి, మడిచి పోయేది. ఇలా అయిదేళ్లు గడిచాయి. రుద్దినంతసేపు కాళ్లు కొంచెం వదులయ్యేవి. నిలబెట్టగానే మళ్లీ కత్తెర. రాజమణి ఏడేళ్ల పిల్ల అయినా తల్లి చంకలోనే ఉంది. ఆండాలు నడుము ఒక పక్కకు వంగిపోయింది.

1938లో ప్రభుత్వం మంత్రసానులను ఆడవాళ్ల కాన్పులు చేసే జనానా దవాఖానకు పిలిపించి తరగతులు పెట్టింది. ఎల్లమ్మ గొణుక్కుంటూనే వెళ్లింది. "ఇరవై ఏండ్ల సంది చేస్తున్న. ఈ పోరి నాకేం నేర్పుతది?" అని పక్కనున్నవాళ్లతో అంది. ఆ పోరి పేరు సుశీలమ్మ. పాతికేళ్ల నర్సు. మొదటి వారమంతా చేతులు కడుక్కోవడమే నేర్పింది. రెండో వారంలో ఏడవని బిడ్డల గురించి చెప్పింది. నెలలు తక్కువ పుట్టినవాళ్లకూ, ఊపిరి ఆలస్యంగా అందినవాళ్లకూ ఒక్కోసారి తర్వాత కాళ్లు బిగుసుకుపోతాయనీ, దెబ్బ తగిలేది కాళ్లకు కాదు, మెదడుకనీ చెప్పింది.

తరగతి అయిపోయినా ఎల్లమ్మ లేవలేదు. అందరూ వెళ్లాక నర్సు దగ్గరికి వచ్చి రాజమణి సంగతి మొదటినుంచి చెప్పింది. సుశీలమ్మ అంతా విని, "మూసీ ఒడ్డు పెద్ద దవాఖానలో అనంతపద్మనాభం గారని ఒక సర్జన్ ఉన్నారు. విలాయత్‌లో చదివి వచ్చారు. అలాంటి కాళ్లకు నరం మీద ఆపరేషన్ చేస్తున్నారు. తీసుకెళ్లి చూపించండి," అంది.

బుచ్చయ్యను ఒప్పించడానికి పది రోజులు పట్టింది. చూపించడానికే, కోయించడానికి కాదు అన్న మాటమీద అతను జట్కా ఎక్కాడు.

అనంతపద్మనాభం అర్చకుల ఇంట్లో పుట్టినవాడు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. రాజమణిని బల్లమీద పడుకోబెట్టి కాళ్లు కదిలిస్తూ చూస్తున్నాడు. ఎల్లమ్మ ఆగలేకపోయింది.

"నిద్రపోతే మెత్తగుంటయి సార్. ఏడిస్తే కట్టెలయితయి."

డాక్టరు తల తిప్పి చూశాడు. "ఎవరు చూసిన్రు గిది?"

"నేనే. అయిదేండ్ల సంది రోజు చూస్తున్న."

"ఇంకేం చూసినవ్?"

ఎడమకాలు కుడికాలికంటే బిగువని, తొందరగా లాగితే ఎదురు తిరుగుతుందని, మోకాలు మడిచి ఓపిగ్గా పట్టుకుంటే వదులుతుందని ఎల్లమ్మ చెప్పింది. అతను అవన్నీ కాగితంమీద రాసుకున్నాడు. తర్వాత బుచ్చయ్య వైపు తిరిగాడు.

"కాళ్లల్ల ఏం లోపం లేదు బుచ్చయ్యా. మెదడుల దెబ్బ ఉంది. గందుకే బిగుసుకో, బిగుసుకో అని కాళ్లకు ఎప్పుడూ హుకుం పోతనే ఉంటది. ఆ దెబ్బను నేను బాగు చెయ్యలేను. కానీ తొడల్ని దగ్గరికి గుంజే కండలకు ఆ హుకుం మోసుకపోయే నరం ఒకటి ఉంది. గజ్జల కింద చిన్నగ కోసి, ఆ నరంల ఒక పాయను తెంపితే కాళ్లు విడివడుతయి."

"నరం తెంపితే కాలు పడిపోదా సాబ్?"

"అన్ని నరాలు తెంపం. ఆ కండలకు కొంచెం బలం తగ్గుతది. అయినా మాట ముందే చెప్తున్న. పిల్ల ఉరుకుతదని నేను చెప్పను. కర్ర లేకుండ నడుస్తదని గూడ చెప్పను."

బుచ్చయ్య తల అడ్డంగా ఊపాడు. పిల్లకు నీళ్లు తెస్తానని బయటికి వెళ్లాడు. ఆండాలు కూడా అతని వెనకే వెళ్లింది. ఎల్లమ్మ బల్ల పక్కనే నిలబడి, అయిదేళ్లుగా నోట్లో పెట్టుకున్న ప్రశ్న అడిగేసింది.

"సార్, కాన్పు నేనే చేసిన. కాళ్లు ముందొచ్చినయి. ఊపిరి తీయనీకి మస్తు సేపయింది. నా చేతులతోనే గిట్లయిందా?"

రాజమణి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"తెల్వదు ఎల్లమ్మా," అన్నాడు డాక్టరు. "ఏడో నెల బిడ్డ. దవాఖానల పుట్టినా గిట్లనే కావచ్చు. కాకపోవచ్చు గూడ. నువ్వు ఊపిరి ఊదకపోతే మాత్రం ఈ పిల్ల ఉండకపోవు. గంతకంటె నేను చెప్తే అబద్ధమయితది."

ఎల్లమ్మ తల ఊపింది. ఊరట కలగలేదు గానీ ఒకరు తనతో నిజం మాట్లాడారనిపించింది. "అయితే కాళ్ల సంగతి జూడుండ్రి," అంది.

బుచ్చయ్య రెండు నెలలు మొండికేశాడు. కులపెద్దలు వద్దన్నారు. తల్లి అన్నం మానేసింది. ఎల్లమ్మ రోజూ పొద్దున్నే రాజమణి కాళ్లు రుద్దుతూ అదే మాట ఎత్తేది. అతను కోపంతో పాలగిన్నె విసిరికొట్టిన రోజు కూడా మర్నాడు వచ్చి అదే మాట ఎత్తింది. చివరికి ఆమే మళ్లీ దవాఖానకు వెళ్లి, "కొయ్యకుండ చూపించే తొవ్వ ఏమన్న ఉందా సార్?" అని డాక్టరును అడిగింది.

ఉంది. ఆ నరం దగ్గర సూదితో మందు వేస్తే గంటసేపు అది మొద్దుబారుతుంది. నరం తెంపితే కాళ్లు ఎలా ఉంటాయో ఆ గంటలో కళ్లారా చూడొచ్చు. సూదే కదా అని బుచ్చయ్య ఒప్పుకున్నాడు.

సూది వేస్తుంటే రాజమణి గట్టిగా ఏడ్చింది. కాసేపటికి డాక్టరు ఎల్లమ్మను పిలిచాడు. "నువ్వే పట్టి చూడు."

ఎల్లమ్మ రెండు మోకాళ్లమీద చేతులు వేసి అలవాటుగా బలం పెట్టబోయింది. బలం అక్కర్లేకపోయింది. కాళ్లు తలుపురెక్కల్లా విడివడ్డాయి. తల్లీదండ్రీ చెరోపక్క పట్టుకుని రాజమణిని నిలబెట్టారు. మోకాళ్లు వంగి ఉన్నా రెండు పాదాల మధ్య జానెడు చోటు కనిపించింది. రాజమణి వంగి తన పాదాల మధ్యనున్న నేలను చూసింది.

"బాపు, చూడు. రెండు కాళ్లు!" అంది.

ఆ గంట గడిచింది. కొద్దికొద్దిగా బిగుసుకుంటూ కాళ్లు మళ్లీ మూసుకున్నాయి. రాజమణి ఈసారి సూదికి ఏడ్చినట్టు ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. బుచ్చయ్య భుజంమీద చెయ్యి వేస్తే తోసేసింది.

"కొయ్యమను," అంది గోడవైపే చూస్తూ. "నాకు అవే కావాలె."

బుచ్చయ్య లేచి, కొయ్యమని చెప్పడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. నరం తెంపడం గంట పని, ఆ తర్వాత ఏడాదిపాటు రోజూ కాళ్లకు పని నేర్పాలి, అది చేసేవాళ్లు లేకపోతే తాను కత్తి పట్టనని. "దవాఖానల గంతసేపు పిల్ల దగ్గర కూసునేటోళ్లు నాకు లేరు," అన్నాడు.

"నేనున్న గద," అంది ఎల్లమ్మ.

"నీ మాలిష్ మానాలె మరి."

ఆమె ముఖం ఎర్రబడింది. తొందరగా లాగితే ఎదురు తిరుగుతుందని ఆమే చెప్పినట్టు, గట్టిగా రుద్దినా ఆ కండలు ఇంకా రేగుతాయని అతను చెప్పాడు. మెల్లగా, లెక్కపెట్టుకుంటూ, కాలు తనంతట తాను వదిలేదాకా పట్టుకుని ఉండాలన్నాడు. ఎల్లమ్మకు చిన్నతనం అనిపించింది. అయిదేళ్లు తాను చేసింది సగం తప్పేనా అనుకుంది. అయినా ఆ వారమంతా రోజూ దవాఖానకు వెళ్లి, తన తమ్ముడి వయసున్న డాక్టరు ముందు చాపమీద కూర్చుని ఆ పని మొదటినుంచి నేర్చుకుంది.

1939 మాఘమాసంలో ఆపరేషన్ జరిగింది. ఈథర్ మత్తు ఇచ్చి, రెండు గజ్జల కింద రెండేసి అంగుళాలు కోసి, ఆ నరం పాయలు తెంపారు. తడిపి చుడితే రాయిలా గట్టిపడే తెల్లటి పట్టీలు రెండు కాళ్లకూ వేసి, కాళ్లు దగ్గరికి రాకుండా మధ్యలో ఒక కర్ర బిగించారు. ఈథర్ వాసనకు రాజమణి రెండు రోజులు వాంతులు చేసుకుంది. ఎల్లమ్మ మంచం పక్కన నేలమీదే పడుకుంది.

మూడువారాల తర్వాత పట్టీలు కోసి తీశారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. కాళ్లు సన్నబడి, తడిసిన గుడ్డల్లా వేలాడాయి. నిలబెడితే కుప్పకూలింది. ఇంటికి తెచ్చాక వారం, రెండు వారాలు గడిచినా అదే తీరు.

"ముందు కట్టెల లెక్కనన్న నిలబడేటియి," అన్నాడు బుచ్చయ్య ఒకరోజు. గొంతులో కోపంకంటే నీరసం ఎక్కువగా ఉంది. "ఇప్పుడు అవి గూడ పాయె. ఇగ నువ్వు రాకు ఎల్లమ్మక్కా."

ఎల్లమ్మ ఆ రోజు భయపడింది. రెండోసారి కూడా ఈ పిల్లను తానే చెడగొట్టానా అని దారి పొడవునా అదే దిగులు. ఇంటికి వెళ్లకుండా నేరుగా దవాఖానకు నడిచింది. డాక్టరు చెప్పింది విని మర్నాడు పొద్దున్నే బుచ్చయ్య గుమ్మంలో నిలబడింది.

"ఆ పిల్ల ఇన్నేండ్లు నిలబడింది బిగువు మీదనేనంట. కాళ్లల్ల బలం పుట్టనేలేదంట. ఇప్పుడు పుట్టించాలె. ఒక్క ఏడాది నాతోని లొల్లి పెట్టుకోకు. ఏడాదైనంక నీ ఇష్టమున్నట్టు తిట్టు."

అతను పక్కకు జరిగాడు.

ఎల్లమ్మ కొట్టంలో ఒక మూల శుభ్రం చేసి, రాజమణి నడుమెత్తులో, మధ్యలో పిల్ల పట్టేంత ఎడంగా రెండు వెదురు బొంగులు అడ్డంగా కట్టించింది. పొద్దున్న గంట, సాయంత్రం గంట. మోకాలు ఎత్తు, దించు. మడమ నేలకు ఆనించు, పదిదాకా లెక్కపెట్టు. రాజమణి లెక్క ఎగ్గొట్టేది. నాలుగు తర్వాత ఎనిమిది అనేది. ఎల్లమ్మ మళ్లీ ఒకటినుంచి మొదలుపెట్టించేది. ఇద్దరూ అరుచుకునేవాళ్లు. ఒకసారి రాజమణి ఆమె చెయ్యి కొరికింది. ఎల్లమ్మ చెయ్యి తుడుచుకుని, "నోట్ల మస్తు బలముంది. కాళ్లల్లకు తేవాలె. ఒకటి," అంది.

తొడలు విడదీసి ఉంచే పని మాత్రం పిల్లకు విసుగు. ఒకరోజు ఎల్లమ్మకు కొట్టంలోని ముసలి బర్రె కనిపించింది. సాధువైనది. దాని వీపుమీద గోనెపట్టా వేసి, రాజమణిని అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోబెట్టింది. పుట్టిన తర్వాత ఆ పిల్ల కాళ్లు అంత వెడల్పుగా ఎప్పుడూ తెరుచుకోలేదు. ఆండాలు ముక్కుతాడు పట్టుకుంటే, ఎల్లమ్మ పిల్ల నడుము పట్టుకుంటే, బర్రె గల్లీ చివరిదాకా నడిచింది. పిల్లలు వెనకపడి కేకలు వేశారు. రాజమణి గద్దెమీద కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఆ మాట విని అనంతపద్మనాభం పకపకా నవ్వాడు. "రోజూ ఎక్కించు," అన్నాడు.

దసరా నాటికి రాజమణి బొంగులు పట్టుకుని నిలబడింది. మరుసటి ఏడాది ఉగాది తర్వాత ఆ బొంగుల మధ్య ఒక చివరనుంచి మరో చివరకు పదకొండు అడుగులు వేసింది. పితకడం మధ్యలో ఆపి బుచ్చయ్య చూశాడు. ఆ సాయంత్రం ఎల్లమ్మ ఇంటికి చెంబెడు జున్ను పాలు స్వయంగా తెచ్చిచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అక్కా, ఏడాదైంది. నిన్ను ఒక్క మాటనన్న అనలే గద," అన్నాడు.

"అనలే, ఫికర్ చెయ్యకు" అంది ఎల్లమ్మ. జున్ను పాలు లోపల పెట్టి, రేపు గంట ముందే వస్తానని చెప్పి పంపింది.

1941లో ఆండాలు మళ్లీ కడుపుతో ఉంది. ఎనిమిదో నెలలో నొప్పులు మొదలైతే ఎల్లమ్మనే పిలిచారు. ఆమె పొట్టమీద చెయ్యి వేసి చూసి, జట్కా తెప్పించమంది. "నీ చెయ్యి చాలక్కా," అని ఆండాలు ఏడ్చింది. "నా చెయ్యి నీ పక్కనే ఉంటది. పద," అని దవాఖానకు తీసుకెళ్లింది. సుశీలమ్మ కాన్పు చేసింది. మగపిల్లవాడు పుట్టగానే కేకపెట్టి ఏడ్చాడు. ఎల్లమ్మ వరండాలోకి పోయి, ఎవరూ చూడకుండా కొంగుతో ముఖం కప్పుకుంది. అప్పటినుంచి నెలలు నిండని నొప్పులు ఏ ఇంట్లో వచ్చినా ఆమె బండి తెప్పించనిదే కదిలేది కాదు. ఆ పట్టుదలవల్ల కొన్ని ఇళ్లవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. ఆమె లెక్కచేయలేదు.

రాజమణి రెండు చేతికర్రలతో నడిచింది. మోకాళ్లు కొంచెం వంగే ఉండేవి. ఎడమ మడమ నేలకు పూర్తిగా ఎప్పుడూ ఆనలేదు. చలికాలంలో కాళ్లు మళ్లీ బిగిసేవి. అయినా తనంతట తాను బావిదాకా పోయేది, మెట్లు దిగేది, పన్నెండేళ్లు వచ్చాక గల్లీ దాటి బడికి పోయింది. మొదటివారం ఎల్లమ్మ పదడుగులు వెనకగా నడిచింది. ఒకరోజు ఆ పిల్ల నడిబజారులో ఆగి వెనక్కి తిరిగింది.

"అవ్వా, నా ఎంట రాకు. పడితే నేనే లేస్త. నువ్వొస్తే అందరు నన్నే చూస్తున్రు."

ఎల్లమ్మ ఒక దుకాణం అరుగుమీద కూర్చుని, ఆ రెండు కర్రలు బడి మలుపు తిరిగేదాకా చూసింది. కాసేపు ఏం చేయాలో తోచలేదు. పదేళ్లుగా ఆ పొద్దు ఆ పిల్లదే.

ఆ పొద్దును డాక్టరు ఎక్కువకాలం ఖాళీగా ఉంచలేదు. నరం ఆపరేషన్ అయిన పిల్లలను ఒక్కొక్కరినే ఆమె దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. 1947 నాటికి తొమ్మిదిమంది. అందరూ నడవలేదు. కార్వాన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి రెండేళ్లలో కాళ్లు మళ్లీ మూసుకున్నాయి. తల్లి చేయాల్సింది చేయలేదని మొదట తిట్టిన ఎల్లమ్మ, తర్వాత వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగింది. తల్లి అన్నీ చేసిందని చూస్తేనే తెలిసింది. కొన్ని కాళ్లు అంతే.

గుడిమల్కాపూర్‌లో పూలతోటవాళ్ల ఇంట సీతారాం అనే నాలుగేళ్ల పిల్లవాడికి మెడ కూడా నిలవదు. నరం తెంపినా లాభం లేదని అనంతపద్మనాభం ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. ఆ తల్లి దవాఖాన మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే ఎల్లమ్మ చూసింది.

"నడవకుంటే కూసోవద్దా?" అంది ఆమెతో. "కూసుంటే అన్నం తన చేత్తోని తింటడు. మీ ఇల్లెక్కడ చెప్పు."

అప్పటికి ఎల్లమ్మకు అరవై దగ్గర పడుతోంది. వేళ్ల కీళ్లు వాచాయి. గుడిమల్కాపూర్ దగ్గరేమీ కాదు. అయినా వారానికి మూడుసార్లు, పూలు దింపి ఖాళీగా తిరిగి పోయే ఎడ్లబండి ఎక్కి వెళ్లేది. పిల్లవాడి వీపుకు ఆనుకునేలా గోనెసంచిలో ఊక కుక్కి దిండు కుట్టింది. మెడ నిలిపే పని తల్లిచేత చేయించి, పక్కన కూర్చుని లెక్కపెట్టేది. పిల్లవాడు మూడుదాకా తల నిలపగలిగాడు. నాలుగు అనేలోపే వాల్చేశాడు.

"మల్ల," అంది ఎల్లమ్మ. "ఒకటి."